మిగిలిన పద్నాలుగు మైళ్ళు

అక్టోబరు మూడో శనివారం పొద్దున్నే మెర్ల్ హోస్టెట్లర్ గడ్డం ఒకటికి రెండుసార్లు గీసుకుని, పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తీయని నీలం కోటు తొడుక్కుని, గరాజులోకి వెళ్ళి కారు అద్దాలు తుడిచాడు. ముందురోజు సాయంత్రం కూడా తుడిచాడు. అయినా ఆ రోజు సంగతి వేరు. ఆ మధ్యాహ్నానికి ఆ కారుకి మూడు లక్షల మైళ్ళు నిండబోతున్నాయి.

మెర్ల్ మా హార్విల్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు వడ్రంగం నేర్పాడు. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఊళ్ళో సగం మందికి ఇప్పటికీ మాస్టారే. కారు 1986లో కొత్తగా కొన్నది. లేత ఇసుక రంగు, నాలుగు తలుపులు, ముందు సీట్లోనే ముగ్గురు సోఫాలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. ఆ రోజుల్లో ఒహాయోలో మాలాంటి ఊళ్ళలో ఇంటికొకటి అలాంటిదే ఉండేది. మిగతావాళ్ళవి తుప్పుపట్టి ఏనాడో పాత ఇనుములోకి పోయాయి. మెర్ల్‌ది మాత్రం మిగిలింది, మెర్ల్ దాన్ని పోనివ్వలేదు గనక. మూడు వేల మైళ్ళకోసారి ఆయిలు తనే మార్చేవాడు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కారు పొట్టకి అంటితే, వేళ్ళు కొంకర్లు పోతున్నా సరే, పైపు పట్టుకుని కిందంతా కడిగేవాడు. 1999లో మొక్కజొన్న చేలోంచి ఒక జింక దూసుకొచ్చి కుడివైపు వెనక తలుపుని గుద్దేసింది. పాత సామాన్ల యార్డులో దొరికిన తలుపు తెచ్చి బిగించాడు గానీ, అది ముదురు గోధుమ రంగుది. రంగు వేయిద్దాం, వేయిద్దాం అంటూనే తొమ్మిదేళ్ళు గడిచాయి. ఈలోపు ఊరందరికీ ఆ తలుపే గుర్తయిపోయింది.

మా ఊళ్ళో ఎవరూ మనిషి మొహం చూడరు, కారు చూస్తారు. ఎదురొచ్చే కారును బట్టి స్టీరింగు మీంచి రెండు వేళ్ళు లేపి పలకరిస్తారు. ఫలానా కారు బ్యాంకు ముందుంటే ఫలానా మనిషి బ్యాంకులో ఉన్నట్టే, అందులో అనుమానానికి తావు లేదు. తాళాలు జేబుల్లో వేసుకు తిరిగే అలవాటు కూడా లేదు. యాష్‌ట్రేలో పడేసి దిగిపోతారు.

ఆ కారుతో నిజంగా కష్టపడింది మెర్ల్ భార్య ఆర్డిస్. ఆమె వైపు కిటికీ 1997 నుంచి దిగదు. హీటరు వేడి డ్రైవరు కుడికాలికి తప్ప ఇంకెక్కడికీ రాదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒళ్ళో దుప్పటి కప్పుకుని ప్రయాణం చేస్తుంది. పేపర్లో పడిన చిన్న ఎర్ర కారు బొమ్మను ఆమె కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించి మూడేళ్ళయింది. రోజూ పాలు తీసేటప్పుడు మెర్ల్ ఆ బొమ్మను చూడనట్టు నటించేవాడు. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. మూడు లక్షలు నిండగానే పాత కారు అమ్మేయాలి, ఎర్ర కారు కొనాలి. మెర్ల్ పెట్టిన షరతు ఒక్కటే: ఆ సున్నాలు తిరిగేటప్పుడు ఇద్దరూ కారులో ఉండాలి.

ఆ షరతు వెనక పాత గాయాలున్నాయి. లక్ష నిండిన రోజున ఆయన ఒక్కడే కారు కడిగించడానికి వెళ్తున్నాడు. సున్నాలు తిరిగాక పక్కకి తిరిగి చూస్తే ఖాళీ సీటు తప్ప ఏమీ లేదు. రెండు లక్షలు నిండిన రోజున ఆర్డిస్ ఒక్కతే పన్ను పీకించుకోడానికి వెళ్ళింది. ఇంటికొచ్చేసరికి మీటరులో 2,00,011 ఉంది. చూశావా అని అడిగితే దవడ పట్టుకుని తల అడ్డంగా ఊపింది. మెర్ల్ రెండు రోజులు మాట్లాడలేదు. ఇక మూడోది కూడా పోతే నాలుగోదంటూ లేదు.

అందుకే ఏర్పాట్లు గట్టిగా చేశాడు. కారు కొన్నరోజున ఇద్దరూ పెర్చ్ సరస్సు ఒడ్డున ఉన్న చేపల హోటల్లో భోంచేశారు. చర్చి దగ్గర నుంచి ఆ హోటలుకి సరిగ్గా పద్నాలుగు మైళ్ళు. పక్కింటి నార్మా మొగుడి కారులో వెళ్ళి రెండుసార్లు కొలిచి చూసుకున్నాడు. చర్చి దగ్గర మీటరు 2,99,986 చూపించేలా, మూడు వారాలుగా కిరాణాకొట్టుకీ, పోస్టాఫీసుకీ సైకిలు మీద తిరిగాడు. సరస్సు హోటలు ఆ శనివారంతో మూసేస్తారు, మళ్ళీ ఏప్రిల్లోనే తీస్తారు. కాబట్టి ఇవాళే అన్నమాట.

అదే రోజు మా లూథరన్ చర్చిలో ఏటా జరిగే కోడి నూడుల్స్ విందు. ఆర్డిస్ పొద్దున ఆరింటి నుంచీ చర్చి వంటింట్లో నూడుల్స్ పిండి ఒత్తుతోంది. పది గంటలకి వదిలిపెడతామన్నారు. మెర్ల్ తొమ్మిదిన్నరకే చేరుకుని, ఆర్డిస్ నడవక్కర్లేకుండా కారు వంటింటి తలుపు పక్కనే ఆపాడు. తాళం యాష్‌ట్రేలో వేశాడు. ఖాళీగా ఉండటం ఎందుకని, ఏటా చేసే పనే కదా అని, బేస్‌మెంటులోకి దిగి ఒక్కడే మడత కుర్చీల దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు.

ఆపకూడని చోట ఆపాడన్న సంగతి ఆ సంతోషంలో ఆయనకి తట్టలేదు. వంటింటి తలుపు పక్కన ఉన్న ఆ చోటు ఎర్మా క్లోప్ గారిది. బోర్డు ఏమీ లేదు గానీ, ముప్ఫై ఏళ్ళుగా అక్కడ ఇంకెవరూ కారు పెట్టలేదు. ఎర్మా గారికి ఎనభై నాలుగేళ్ళు. ఆవిడ కారు కూడా అదే కంపెనీది, అదే ఏడాదిది, అదే ఇసుక రంగుది. చర్చికీ కిరాణాకొట్టుకీ తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషి కాబట్టి అది కూడా మిగిలి ఉంది. ఏటా విందురోజున మంచం పట్టినవాళ్ళకి నూడుల్స్ పెట్టెలు చేరవేసే పని ఆవిడదే. ఆ పొద్దున తన చోట్లో ఎవరో ఉండటం చూసి ఆవిడ రోడ్డుకి అవతల కారు ఆపింది. తర్వాత వంటింట్లో నూడుల్స్ రుచి చూసి, ఉప్పు తక్కువైందని చెప్పి, కారు ఎక్కడ ఆపిందో మర్చిపోయింది.

మిగతాదంతా చకచకా జరిగిపోయింది. నార్మా పెట్టెలు మోసుకొచ్చి ఎర్మా గారి చోట్లో ఉన్న ఇసుకరంగు కారు వెనక సీట్లో పెట్టేసి, ఉప్పు తేవడానికి ఇంటికి వెళ్ళింది. ఎర్మా గారు ఎడమవైపు నుంచి వచ్చింది. గోధుమరంగు తలుపు అవతలి వైపుది. ఎక్కి కూర్చుంది. ఎక్కడ ఉండాలో అక్కడే, యాష్‌ట్రేలో, తాళం ఉంది. సీటు బాగా వెనక్కి ఉంటే, పోయిన వారం ఆయిలు మార్చడానికి తీసుకెళ్ళిన మేనల్లుణ్ణి నాలుగు తిట్టి, ముందుకి జరుపుకుని బయల్దేరింది.

పది గంటలకి మెర్ల్ బేస్‌మెంటు వెనక మెట్ల మీదుగా బయటికొచ్చి, కోటు దులుపుకుని, ఖాళీ చోటు చూశాడు. రోడ్డు అవతల ఇసుకరంగు కారు చూశాడు. దాని వెనక అద్దం దగ్గర ఊలు అల్లిక తొడిగిన ఎర్మా గారి టిష్యూ డబ్బా చూశాడు. జరిగింది అర్థమయ్యాక వంటింటి తలుపు సందులోంచి ఆర్డిస్‌ని పిలిచాడు. లోపలున్న ఆడవాళ్ళు పిలుపు మాత్రం విన్నారు, మనిషిని చూడలేదు. ఆర్డిస్ మొహం పాలిపోవడం, ఏప్రాన్ కూడా విప్పకుండా పరిగెత్తడం మాత్రం అందరూ చూశారు.

"దొంగ ఎత్తుకుపోలేదు కదా. ఎర్మా గారు తెచ్చిచ్చేస్తుందిలే," అంది ఆర్డిస్ బయటికొచ్చి.

"తెచ్చిస్తుంది. మైళ్ళు తెచ్చిస్తుందా?" అన్నాడు మెర్ల్.

ఇద్దరూ ఎర్మా గారి కారెక్కి వెంటపడ్డారు. మెర్ల్‌కి పరాయి ఇంట్లో చెప్పకుండా దూరినట్టు ఇబ్బందిగా ఉంది. ఆర్డిస్ ఊరికే కిటికీ మీట నొక్కింది. అద్దం సర్రున దిగిపోయింది. మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ దించింది. తర్వాత హీటరు వేసింది.

"మెర్ల్, నా కాళ్ళు వెచ్చగా ఉన్నాయి."

"ఇప్పుడా ఆ మాట?"

"ఇరవై రెండేళ్ళలో ఇప్పుడే కదా వెచ్చబడ్డాయి. ఇంకెప్పుడు చెప్పమంటావు?"

పెట్టెలు ఏ వరసలో ఎక్కడెక్కడికి వెళ్తాయో ఆర్డిస్‌కి తెలుసు, ముందు ఆసుపత్రికి. అక్కడికి వెళ్తే, ఒక ముసలాయనకి పెట్టె ఇచ్చి అప్పుడే వెళ్ళిపోయింది. నడక తక్కువని కారు ఎమర్జెన్సీ తలుపు ముందు ఆపిందట. తర్వాత వెళ్ళాల్సింది మెయిన్ స్ట్రీటులో క్షౌరశాలకి ఎదురుగా, శవాలని అంత్యక్రియలకి సిద్ధం చేసే ఇంటికి. దాని యజమాని తల్లికి తొంభై రెండేళ్ళు, మేడ మీద ఉంటుంది, మెట్లు దిగలేదు. అక్కడా ఐదు నిమిషాల తేడాతో తప్పిపోయింది. ఇక మిగిలింది ఎర్మా గారి చెల్లెలి పొలం. ఎనిమిది మైళ్ళు. మెర్ల్ మనసులో మీటరు గిర్రున తిరుగుతోంది. దారి పొడవునా ఎదురొచ్చిన ప్రతివాడూ ఆ కారుకి రెండు వేళ్ళు లేపి ఎర్మా గారిని పలకరించాడు. లోపల మెర్ల్ హోస్టెట్లర్ నీలం కోటులో చెమటలు కక్కుతున్నాడని ఒక్కడికీ తెలియలేదు.

ఊళ్ళో ఇంకో కథ నడుస్తోంది. ఉప్పు పొట్లం పట్టుకుని తిరిగి వస్తున్న నార్మాకి ఎమర్జెన్సీ తలుపు ముందు గోధుమరంగు తలుపు కారు కనిపించింది. చర్చిలో అడిగితే, ఎవరో పిలిస్తే ఆర్డిస్ ఏప్రాన్‌తోనే పరిగెత్తిందని చెప్పారు. పావుగంట గడిచేసరికి క్షౌరశాల నుంచి ఫోను వచ్చింది. మాస్టారి కారు శవాల ఇంటి ముందు ఆగి ఉందని, కాసేపటికి లోపల మనిషి లేకుండానే కదిలి వెళ్ళిపోయిందని. వెనక నుంచి చూస్తే ఎర్మా గారి తల సీటు పైకి కనపడదు. ఆ మాట ఎవరికీ తట్టలేదు. ముందు ఆసుపత్రి, తర్వాత శవాల ఇల్లు. నార్మా కళ్ళు తుడుచుకుని, పాస్టరు గారికి చెప్పి, ఇంటికి వెళ్ళి ఓవెన్ వెలిగించింది.

మా ఊళ్ళో చావు కబురు వింటే ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళరు. బంగాళాదుంపలు, చీజు, కోడిమాంసం గాజు గిన్నెలో పరిచి, పైన కార్న్‌ఫ్లేక్స్ చల్లి, ఓవెన్‌లో కాల్చి పట్టుకెళ్తారు. గిన్నె అడుగున తెల్ల టేపు అంటించి పేరు రాస్తారు. పదకొండు కల్లా ఊళ్ళో పది ఓవెన్లు వెలిగాయి.

పొలంలో ఎర్మా గారు చెల్లెలి వంటింట్లో గుమ్మడికాయ పై అనే తీపి వంటకం తింటోంది. మెర్ల్ పలకరించడం కూడా మర్చిపోయి తన కారు దగ్గరికి పరిగెత్తాడు. 2,99,997. అంటే ఇంకా మూడు మైళ్ళున్నాయి. ఆయనకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

జరిగింది తెలిసి ఎర్మా గారు ఫోర్కు కింద పెట్టేసింది. "అందుకే కాబోలు, ఇవాళ కుడికాలు ఒక్కటే కాలిపోయింది," అంది. తర్వాత మెల్లగా, తన కారేదో తనకే తెలియని రోజు వచ్చిందా అని అడిగింది. ఆ ప్రశ్న ఎవరిని అడిగిందో తెలియదు. ఆర్డిస్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, తప్పు మెర్ల్‌దేనని, ఆ చోట్లో ఆపమని ఎవరు చెప్పారని అంది. మెర్ల్ కాదనలేదు.

బయటికి రాగానే ఆర్డిస్ తమ కారు తలుపు తీసింది. "ఎక్కు. నువ్వున్నావు, నేనున్నాను. మూడు మైళ్ళేగా, తిప్పేద్దాం."

మెర్ల్ రోడ్డు వంక చూశాడు. పొలం నుంచి ఎటు వెళ్ళినా మూడో మైలు పందుల షెడ్ల ముందే పడుతుంది. గాలి కూడా అటు నుంచే వీస్తోంది. "ఇరవై రెండేళ్ళు దాచుకున్నది పందుల ముందు తిప్పనా? సరస్సు దగ్గరే తిరగాలి," అన్నాడు. లోపలికి వెళ్ళి డార్ల్‌కి ఫోను చేశాడు.

డార్ల్ ఒకప్పుడు మెర్ల్ దగ్గర చదువుకున్నవాడు. స్టూలు కాళ్ళు సమానంగా కోయడం ఎప్పటికీ రాలేదు గానీ, ఇంజన్లంటే ప్రాణం. ఇరవై ఏళ్ళుగా ఆ కారుకి వైద్యుడు. ఆగిపోయిన బండ్లు లాగే టోయింగ్ ట్రక్కు దిగి, సంగతంతా విని, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మాస్టారూ, కారు ఆగిపోయిందని మీరు నన్ను చాలాసార్లు పిలిచారు. బాగా నడుస్తోందని పిలవడం ఇదే మొదలు."

"ముందు చక్రాలు లేపి లాగితే మీటరు తిరగదు కదా?"

"తిరగదు. ఇది ముందు చక్రాల మీద నడిచే బండే."

"అయితే హోటలుకి ఇవతల మూడు మైళ్ళ దగ్గర దింపు. అక్కడి నుంచి మేం నడుపుకుంటాం."

సరస్సుకి దారి ఊరి మధ్య నుంచే. ముందు చక్రాలు గాల్లో, గోధుమరంగు తలుపు అందరికీ కనపడేలా, ఆ కారు శనివారం పదకొండున్నరకి మెయిన్ స్ట్రీటు మీదుగా ఊరేగింది. ట్రక్కు ముందు సీట్లో డార్ల్, మధ్యలో ఏప్రాన్‌తో ఆర్డిస్, కిటికీ పక్కన మెర్ల్. అటూ ఇటూ బండ్లు ఆగిపోయాయి. క్షౌరశాలలోంచి సగం గడ్డంతో ఒకాయన బయటికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఏమైంది వీళ్ళకని ఆర్డిస్ అడిగింది. మెర్ల్‌కి ఆ గొడవే పట్టలేదు, వెనక అద్దంలో కారు ఊగుతోందేమోనని చూసుకుంటున్నాడు.

ఆర్డిస్ ఏప్రాన్ మార్చుకోవాలంటే వాళ్ళ వీధిలోకి తిరిగిన డార్ల్ ఠక్కున బ్రేకు వేశాడు. హోస్టెట్లర్ల వరండా నిండా జనం. మెట్ల మీద పాస్టరు లిండ్‌క్విస్ట్ నల్ల కోటులో కూర్చుని ఉన్నాడు. రెయిలింగు పొడవునా వెండిరంగు కాగితం కప్పిన గాజు గిన్నెలు వరసగా ఉన్నాయి. మెర్ల్ ట్రక్కు దిగాడు. నార్మా ఆయన వంక, తన చేతిలో గిన్నె వంక, మళ్ళీ ఆయన వంక చూసింది.

నేను పోయాననుకున్నారా అని మెర్ల్ అడిగాడు. పాస్టరు లేచి దగ్గరికొచ్చాడు.

"మొదట నీ గురించే అనుకున్నాం, మెర్ల్. ఇందాక మెయిన్ స్ట్రీటులో ట్రక్కులో నిన్ను చూశామని ఫోను వచ్చింది. నువ్వు బతికే ఉన్నావని తెలిసింది. అప్పుడు గిన్నెలు తీసుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోదామనుకున్నాం."

"మరి వెళ్ళలేదేం?"

"వెనకాల కారుని అలా లాక్కొస్తున్నారని కూడా చెప్పారు. నువ్వు పోతే ఆర్డిస్ ఎలాగో తట్టుకుంటుంది. కారు పోతే నువ్వేమైపోతావోనని ఉండిపోయాం."

ఆర్డిస్ ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని నార్మా దగ్గరికి వెళ్ళింది. కాదు, నవ్వుతోంది. కారు పోలేదని, నిక్షేపంలా ఉందని, మూడు మైళ్ళు దాచుకోడానికి లాక్కెళ్తున్నామని మెర్ల్ వివరించేసరికి, ఆయన ఆరోగ్యం గురించి కొందరికి కొత్త అనుమానాలు మొదలయ్యాయి.

అప్పుడే డార్ల్‌కి కబురు వచ్చింది. పెద్ద రోడ్డు మీద టర్కీ కోళ్ళ లారీ బోల్తాపడింది, నాలుగొందల కోళ్ళు రోడ్డెక్కాయి, వెంటనే రావాలి. డార్ల్ క్షమించమని అడుగుతూనే కారుని ఇంటి ముందు దింపేసి వెళ్ళిపోయాడు. సరస్సు పదిహేను మైళ్ళ దూరంలో ఉంది. మీటరులో ఉన్నవి మూడు. హోటలు రెండు గంటలకి మూసేస్తారు, ఆ తర్వాత ఏప్రిలే. ఊరంతా వరండాలో కూర్చుని తెచ్చినవన్నీ తిన్నారు. మెర్ల్ కూడా తిన్నాడు గానీ, ఏం తిన్నాడో ఆయనకి తెలియదు. జనం వెళ్ళిపోయాక కారు దగ్గరికి వెళ్ళి, దాని ముందు భాగం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఎవరికైనా నవ్వు రావచ్చు. అయినా ఒక వస్తువుని ఇరవై రెండేళ్ళు చేత్తో కాపాడుకున్నవాడి దిగులు మామూలు దిగులు కాదు.

సోమవారం మధ్యాహ్నం ఆర్డిస్ గిన్నెలన్నీ కడిగి తుడిచింది. వారం దాటకుండా ఎవరి గిన్నె వాళ్ళకి చేర్చాలి, అది మా ఊళ్ళో చర్చి నియమాలకంటే గట్టిది. పది గిన్నెలు, ఎర్మా గారు క్షమాపణగా పంపిన గుమ్మడికాయ పై తాలూకు పళ్ళెం ఒకటి. మెర్ల్ సైకిలు బయటికి తీయబోయాడు.

"సైకిలు మీద పదకొండు గాజు గిన్నెలా? కారులో వెళ్దాం. ఇద్దరం."

"ఏప్రిల్ దాకా ఆగుదామనుకున్నాం కదా."

"నువ్వనుకున్నావు. మెర్ల్, మొదటి మైలు ఎక్కడ తిరిగిందో గుర్తుందా నీకు?"

మెర్ల్ ఆలోచించాడు.

"షోరూము వెనకాల, చెత్తకుండీ దగ్గర," అంది ఆర్డిస్. "బయటికి దారి తెలియక దాని చుట్టూ మూడుసార్లు తిప్పావు. 'ఒకటి పడింది, ఒకటి పడింది' అని నా చెయ్యి పట్టుకుని ఊపేశావు. అప్పుడు సరస్సు ఎక్కడుంది?"

మెర్ల్ లోపలికి వెళ్ళి నీలం కోటు తొడుక్కుని వచ్చాడు.

నార్మాతో మొదలుపెట్టి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళారు. ఆర్డిస్ ఒళ్ళో దుప్పటి, దుప్పటి మీద గిన్నె. ప్రతి గుమ్మం దగ్గరా నాలుగు మాటలు, నాలుగు నవ్వులు. పది గిన్నెలూ ఇచ్చేసేసరికి మెర్ల్ మీటరు సంగతి కాస్త మర్చిపోయాడు కూడా. ఎర్మా గారిల్లు చివర. ఆవిడ కారుకి తగలకుండా ఎక్కడ ఆపాలా అని మెడ సాచి చూస్తూ మెల్లగా లోపలికి తిప్పుతున్నాడు.

"మెర్ల్, ఆపు," అంది ఆర్డిస్. "ఇప్పుడు చూడు."

తొమ్మిదులన్నీ ఒకేసారి కదులుతున్నాయి. మెర్ల్ బ్రేకు మీద కాలు సగం తీసి, కారుని జానెడు జానెడుగా ముందుకి పోనిచ్చాడు. మూడు పక్కన ఒక సున్నా, ఇంకో సున్నా, చివరికి ఐదూ వరసగా నిలబడ్డాయి. పక్కకి తిరిగి చూశాడు. ఈసారి సీటు ఖాళీగా లేదు. ఆయన కళ్ళు నిండాయి, దాచుకోలేదు కూడా.

కాసేపయ్యాక ఆర్డిస్ అంది: "రెండు లక్షలప్పుడు కూడా చూశాను."

"చూడలేదన్నావు కదా."

"పక్కకి ఆపి మరీ చూశాను. నువ్వు లేకుండా చూసేశానంటే బాధపడతావని చెప్పలేదు."

మెర్ల్ ఏదో అనబోయాడు. అంతలో ఎర్మా గారు వచ్చి కిటికీ అద్దం మీద కొట్టింది. అద్దం దిగదు కాబట్టి ఆవిడ పెదాలు కదలడమే కనిపించింది. ఆర్డిస్ తలుపు తీసింది. ఎర్మా గారు కారు నడపడం మానేస్తానని మేనల్లుడికి చెప్పేసిందట. ఎక్కడికైనా వెళ్ళాలంటే వాడే తీసుకెళ్తాడు. ఇంక ఆ బండి దేనికని అంది. "పరాయివాళ్ళకి ఇవ్వబుద్ధి కావట్లేదమ్మాయ్. శనివారం నీ కాళ్ళు వెచ్చగా ఉన్నాయట కదా. నువ్వు తీసుకో."

ఒక్క మాట మాట్లాడకూడదని మెర్ల్‌కి తెలుసు. ఆర్డిస్ దిగి, ఎర్మా గారి కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపల కూర్చుని, కిటికీ దించింది, ఎక్కించింది. ఫ్రిజ్ మీద ఎర్ర కారు గుర్తొచ్చిందేమో, కాసేపు ఎటో చూసింది. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, తీసుకుంటానంది. అయితే నడిపేది తనే, మెర్ల్ పక్కన కూర్చోవాలి.

మెర్ల్ సరేనన్నాడు. పాత కారు అమ్మే సంగతి ఆర్డిస్ అడిగితే, ఇంత పాత బండికి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయని, పక్కన ఇంకొకటి ఉంటే మంచిదని డార్ల్ అన్నాడని చెప్పాడు. డార్ల్‌ని ఆ మాట అడగడానికి ఆయన ఆ సాయంత్రమే సైకిలు మీద వెళ్ళొచ్చాడు.

ఇప్పుడు హోస్టెట్లర్ల ఇంటి ముందు ఒకే రంగు కార్లు రెండున్నాయి, రెండింటి తాళాలూ యాష్‌ట్రేల్లోనే ఉంటాయి.